వెనక సీటు లేని కారు

పగలంతా జనం నోళ్ళలో కట్టుడు పళ్ళు బిగించే మనిషి, ఆదివారం వచ్చేసరికి కార్లకు మాత్రం పుట్టు పళ్ళే ఉండాలని పట్టుబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. పాత కార్ల సంఘంలో మన పళ్ళ డాక్టరును చూసి అందరూ నవ్వుకునేవారు, కాకపోతే ఆయన వెనకాల. ఎదురుగా నవ్వే ధైర్యం ఎవరికుంది? సంఘంలో ఏ కారు చేరాలన్నా, ఏడాదికోసారి జరిగే ఊరేగింపులో ఏ బండి నడవాలన్నా ఆయన సంతకం పడాల్సిందే. ఆయన పరీక్షంటే మాటలు కాదు. రోగుల నోట్లో పెట్టి చూసే బుల్లి గుండ్రటి అద్దం జేబులో వేసుకొచ్చి, చొక్కా మాసిపోతుందన్న చింత కూడా లేకుండా కారు కిందకు దూరిపోయేవాడు. ఇంకో జేబులో గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉండేది. రేకుకు ఆనించగానే అతుక్కుందా, సరే. అతుక్కోలేదా, రంగు కింద లప్పం పెట్టి సొట్ట కప్పారన్నమాట. "ఇది పిప్పి పన్ను. పీకించి తీసుకురండి," అని చేతులు దులుపుకుని లేచేవాడు.

ఆ మొండితనానికి కారణం లేకపోలేదు లెండి. కొన్నేళ్ళ కిందట ఒక ఘనుడు తళతళలాడే కారొకటి తెచ్చాడు. పైన డొక్కు పాతదే. లోపల ఇంజను కొత్తది, బ్రేకులు కొత్తవి, సీటు కింద పాటల పెట్టె. సంఘం నోరు తెరుచుకుని చూసి మొదటి బహుమతి చేతిలో పెట్టింది. సంగతి బయటపడ్డాక పత్రికలవాళ్ళు వారం రోజులు ఏకిపారేశారు. సంఘంవాళ్ళు తలెత్తుకోలేకపోయారు పాపం. అప్పుడు పుట్టింది నిబంధన: కర్మాగారం గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉండాలి. ఆ మాట రాసింది డాక్టరే. ఇక చూసుకోండి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలాంటి సంఘం షెడ్డులోకి ఒక ఆదివారం ఆయన సొంత బావమరిదే కారు తోలుకుంటూ వచ్చాడు.

బావమరిదిది కాలం చేసిన తండ్రి పెట్టిన బేకరీ. మనిషి సన్నగా, గట్టిగా, ఎండబెట్టినట్టు ఉంటాడని చిన్నప్పుడే వాళ్ళక్క, అంటే డాక్టరు భార్య, 'రస్కు' అని పేరు పెట్టింది. ఊరంతా ఆ పేరే వాడుకుంది. రస్కు తెచ్చిన కారును ముందు నుంచి చూస్తే పెద్దింటి బండే. గుండ్రటి దీపాలు, మెరిసే జాలీ, పొడుగాటి ముక్కు. తలుపు దాటి వెనక్కి వెళితే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. వెనక సీటు లేదు, డిక్కీ లేదు, పైకప్పు కూడా సగమే. ఆ సగం తర్వాత గది లాంటి ఒక చెక్క పెట్టె.

అది డాక్టరు మామగారి చేతి పని. ఆయన ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాడు, తీరా చూస్తే రొట్టెల ట్రేలు లోపల పట్టలేదు. ఇంకొకరైతే తల పట్టుకు కూర్చునేవారు. ఆయన ఇనుప రంపం పట్టుకుని వెనక భాగం కోసి అవతల పారేసి, పెట్టె కట్టి బిగించాడు. పక్కలకు రేకు కొట్టి, వేడి రొట్టెలకు చెమట పట్టకుండా మేకుతో చిల్లులు పొడిచాడు. చిల్లులు ఒక వరసలో ఉండవు. ఓపిక తక్కువ మనిషి.

ఆ రోజుల్లో కార్లున్న పెద్దమనుషులు దాన్ని చూసి 'నరికిన కారు' అని నవ్వేవారు. పెద్ద హోటలుకు రొట్టెలు వేయడానికి వెళితే, మిగతా కార్ల పక్కన ఆపనిచ్చేవారు కాదు. "వెనక సందులో పెట్టుకోవయ్యా, ఇక్కడ ఇది చూడ్డానికి బాగుండదు," అని కాపలా మనిషి కసిరేవాడు. తండ్రి నవ్వేసి బండి వెనక్కి తిప్పుకునేవాడు. పక్కన కూర్చున్న రస్కు మాత్రం నవ్వలేదు. ఆ మాట వాడి గుండెలో ముల్లులా అలాగే ఉండిపోయింది.

"బావా, మన కారు చేర్చుకో," అన్నాడు దిగగానే. "ఊరేగింపులో ఆ పెద్ద కార్ల వరసలోనే నడవాలి. మైకులో నాన్న పేరు చదవాలి. అంతే, ఇంకేం వద్దు నాకు."

షెడ్డులో గొడవ మొదలైంది. అధ్యక్షుడు సినిమా హాలు యజమాని, కంఠం కూడా హాలంత ఉంటుంది. "ఇవాళ రొట్టెల పెట్టె ఒప్పుకుంటే, రేపు ఇంకొకడు ఏసీ పెట్టుకొస్తాడు. ఎల్లుండి ఇంకొకడు తలుపులు రెక్కల్లా పైకి లేపుకుంటూ దిగుతాడు. ఎవరిని ఆపుతాం చెప్పండి?"

సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి లైబ్రరీ మేడమ్. ఆమె ఊరుకునే రకం కాదు. "వాటికీ దీనికీ సంబంధం ఏంటండీ? అవి షోకులకు చేసినవి, ఇది బతకడానికి చేసింది. కారు కర్మాగారంలో ఉన్నది ఎన్నాళ్ళు? మిగతా బతుకంతా రోడ్డు మీదే కదా."

"బతికింది కరెక్టే మేడమ్," అన్నాడు డాక్టరు. ఆయన మాట మెత్తగానే ఉంటుంది, పళ్ళు పీకేముందు మాట్లాడినట్టు. "కానీ ప్రతివాడూ తన అవసరం కొద్దీ కోసుకుంటూ పోతే, అసలు ఆ కారు ఎలా ఉండేదో రేపటివాళ్ళకు చూపించడానికి ఒక్కటైనా మిగలద్దా? మనం కాపాడేది మనుషుల కథలు కాదు, కార్లు."

ఆ మాటలో న్యాయం లేదని చెప్పలేం. మేడమ్ కూడా ఒక్క క్షణం ఆలోచించింది. అందరూ డాక్టరు మొహం చూశారు. బావమరిది ఒకవైపు, సంఘం ఒకవైపు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సొంతవాళ్ళకు ఒక రూలు, బయటివాళ్ళకు ఇంకో రూలు అన్న మాట పడటం ఆయనకు చావుతో సమానం. "కుదరదు," అనేశాడు. రస్కు మొహం చూసి, ఊరడింపుగా ఇంకో ముక్క కలిపాడు: "వెనక భాగం మళ్ళీ అసలు రూపానికి తెస్తే మాత్రం తీసుకోవడానికి అభ్యంతరం లేదు."

రస్కు మొహం వెలిగిపోయింది. "అంతేనా? ఓస్, ఇంతే కదా! చేయించేస్తాను బావా!"

మేడమ్ పెదవి విరిచి, తన కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

డాక్టరు ఇంటికి వెళ్ళేసరికే కబురు వంటింట్లోకి చేరిపోయింది. డాక్టరు భార్య పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడుకే ఆయనకు విషయం అర్థమైంది.

"మా నాన్న చేతి పని మీకు పిప్పి పన్నులా కనపడిందా?"

"నేనేమన్నానే? వాడే ఎగిరి గంతేశాడు."

"ఎందుకు వెయ్యడు? నాన్న పేరు మైకులో వినపడుతుందంటే వాడు గుండు కొట్టించుకోమన్నా కొట్టించుకుంటాడు. ఆశ పెట్టింది మీరు." ఆమె కూర్చుని తన ఎడమచేతి చూపుడు వేలు చూసుకుంది. "ఆ చిల్లులు పొడిచినప్పుడు మేకు పట్టుకుంది నేనే తెలుసా? ఒక దెబ్బ గురి తప్పి నా వేలి మీద పడింది. నాన్న సుత్తి పారేసి ఏడ్చాడు. నేను ఏడవలేదు, ఆయనే ఏడ్చాడు."

"మరి వద్దని నీ తమ్ముడికి చెప్పు."

"ఎలా చెప్పను? వాడు ఇంత సంతోషంగా ఉండటం నేనెప్పుడైనా చూశానా? చేసేదేదో జాగ్రత్తగా చేయండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట."

పళ్ళ డాక్టరుకు నాలుకల గురించి చెప్పడమా అని ఆయనకు కొంచెం కోపం కూడా వచ్చింది. గబగబా తిని లేచాడు.

ఆ వారమే బట్టలు కుట్టే పెద్దావిడ ఒకామె ఆసుపత్రికి వచ్చింది. ముందు వారమే ఆమెకు పై వరస మొత్తం కొత్తగా కట్టి పంపాడు. ముత్యాల్లాంటి పళ్ళు, వేలు పెట్టి చూపడానికి ఒక్క లోపం లేదు. ఆమె వాటిని రుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి నాకొద్దు బాబూ. మరీ తిన్నగా ఉన్నాయి. ముందు పన్నుకి గాటు ఏదీ?"

"గాటేంటమ్మా?"

"నేను దారం కొరికే చోటు. చిన్నప్పట్నుంచి కొరికి కొరికి అక్కడ గాటు పడింది. ఇప్పుడు దారం పెడితే సర్రున జారిపోతోంది. అద్దంలో చూసుకుంటే ఎవరో నా కళ్ళజోడు పెట్టుకుని నన్నే చూస్తున్నట్టుంది. మా ఆయన ముసలోడికి వేళాకోళం ఎక్కువ, పొద్దున్నే 'ఎవరమ్మా తమరు, ఎవరు కావాలి?' అంటాడు."

"అమ్మా, గాటు అరుగుదల. అరిగినవి పోయాయనే కదా కొత్తవి కట్టాను?"

"అరిగితే అరిగింది, అది నాది కదా."

ఆయన విసుక్కుంటూనే పళ్ళు అరగదీసే యంత్రం అందుకుని, బంగారంలాంటి కొత్త పన్నుకు అంచున చిన్న గాటు పెట్టాడు. తన జన్మలో అలాంటి పని చేయలేదు. ఆమె పళ్ళు పెట్టుకుని, సంచిలోంచి దారపు ఉండ తీసి, పుటుక్కున కొరికి, "ఆఁ! ఇప్పుడు నేను," అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చాలా సేపు ఆయన చెవుల్లో ఉంది. మనసు ఏదో చెప్పబోయింది. పళ్ళు వేరు, కార్లు వేరు అని దాని నోరు మూయించాడు. రోజూ నోళ్ళతోనే పని, ఆయనకదో లెక్కా!

రెండ్రోజులకు రస్కు ఫోన్ చేసి రేకుల మేస్త్రీ షెడ్డుకు రమ్మన్నాడు. తుక్కు కొట్టులో అదే మోడలు కారు వెనక భాగం దొరికిందట. డాక్టరు వెళ్ళేసరికి అది నేల మీద బోర్లా పడి ఉంది. అదెవరి కారో, ఎక్కడ తిరిగిందో, ఏ చెట్టుకు గుద్దుకుందో ఎవరికీ తెలియదు. నిబంధన ప్రకారం తెలియాల్సిన పని కూడా లేదు. అదే మోడలు, అదే ఏడాది. చాలు.

"బావా, ఎక్కడ కోయాలో సుద్దముక్కతో నువ్వే గీత గియ్యి," అన్నాడు రస్కు. "రేపు పరీక్షలో వేలెడు తేడా వచ్చిందంటే మళ్ళీ మొదటికొస్తుంది. నువ్వు గీస్తేనే నాకు ధైర్యం."

డాక్టరు సుద్దముక్క తీసుకుని, అతుకు లోపల్నుంచి చూద్దామని పెట్టెలోకి వంగి దూరాడు. ఇన్నేళ్ళ అల్లుడు, ఏనాడూ అందులోకి అడుగుపెట్టలేదు. ట్రేలు జారే పట్టీలు నున్నగా అరిగి ఉన్నాయి. ఏనాటి రొట్టెలో, ఆ పులుపు వాసన ఇంకా చెక్కకు అంటుకునే ఉంది. వంకరటింకర చిల్లుల్లోంచి వెలుతురు పడి ఆయన చొక్కా అంతా చుక్కలైంది. కింద మూలన చిన్న పలకొకటి ఉంది, పిల్లల తొడలకు గీసుకోకుండా అంచులు గుండ్రంగా చెక్కి ఉన్నాయి. అంత ఓపిక లేని మనిషి దాన్ని మాత్రం ఎంత తీరిగ్గా చెక్కాడో! అక్కా తమ్ముళ్ళు కూర్చున్నది అక్కడే. డాక్టరు ఒక చిల్లులో వేలు పెట్టి చూశాడు. అంచు గరుగ్గా తగిలింది.

ఆయనకు బాధేసింది. నిజంగా బాధేసింది. "వద్దురా," అని ఒక్క మాట అంటే సరిపోయేది.

కానీ అంటే ఏమవుతుంది? మళ్ళీ సంఘం ముందు నిలబడాలి. నేను రాసిన నిబంధన తప్పని నా నోటితో నేనే చెప్పాలి. అదీ బావమరిది కారు దగ్గరికి వచ్చేసరికే చెప్పాలి. లోకం ఊరుకుంటుందా? ఇన్నేళ్ళూ నేను తిప్పి పంపినవాళ్ళు ఊరుకుంటారా? సినిమా హాలాయన కంఠం అప్పుడే చెవిలో వినిపించింది.

"కనపడుతోందా బావా అతుకు?" బయట్నుంచి రస్కు అరిచాడు. ఆ గొంతులో ఎంత సంబరమో!

"ఆఁ, కనపడుతోంది," అన్నాడు డాక్టరు. బయటికొచ్చి, కొలత పెట్టి, తిన్నగా గీత గీశాడు.

మిగతాది మేస్త్రీ చూసుకున్నాడు. మంచి పనివాడు, అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియకుండా అతికాడు. వెనక సీటు వచ్చింది, డిక్కీ వచ్చింది, కప్పు పూర్తయింది. కారుకంతా నల్లరంగు వేస్తే నిగనిగలాడింది. పెట్టెను ఏం చేయాలని అడిగితే రస్కు ఆలోచించకుండా బేకరీ పెరట్లో పెట్టించాడు. పలకలు బాగా ఎండినవి, పనివాళ్ళు చితుకుల కోసం వెతుక్కునే అవసరం లేకుండా ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టేశారు. అది ఎవరి తప్పూ కాదు. వద్దని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజు డాక్టరు కారు కిందకు దూరి బుల్లి అద్దం పెట్టి చూశాడు, అయస్కాంతం ఆనించాడు. అన్నిచోట్లా అతుక్కుంది. 'అసలు' అని అచ్చు వేసిన చీటీ మీద సంతకం పెట్టి ముందద్దానికి అంటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లైబ్రరీ మేడమ్ కూడా కొట్టింది, రెండుసార్లు.

ఇక రస్కు కాళ్ళు నేల మీద ఆగలేదు. బేకరీకి వచ్చినవాళ్ళందరికీ రొట్టెతో పాటు కబురు కూడా చుట్టి ఇచ్చాడు. "నాన్న బండి ఊరేగింపులో వస్తోంది. మన మలుపు దగ్గర నిలబడండి, అందరూ రావాలి!" ఆ మలుపు దగ్గరే తండ్రి రోజూ తెల్లారకముందే బండి ఆపి రొట్టెలు దించేవాడు. అక్కడ కొట్లు పెట్టుకున్న పాతవాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు. వస్తామన్నారు. ఎందుకు రారు? ఆయన చేతి రొట్టె తిని పెరిగిన పేట అది.

ఊరేగింపు రోజున కొత్త సభ్యుడి పక్కన పరీక్షకుడు కూర్చోవడం సంఘంలో ఆనవాయితీ. అందుకని డాక్టరు తన కారు ఇంట్లోనే పెట్టి రస్కు పక్కన కూర్చున్నాడు. బయల్దేరేచోట మైకులో ఒక్కొక్క బండి గురించి చదివారు. చివరికి రస్కు వంతు వచ్చింది. కారు పేరు, ఏడాది, తర్వాత తండ్రి పేరు. ఇంటిపేరుతో సహా, స్పష్టంగా, వీధంతా వినపడేలా చదివారు. రస్కు స్టీరింగు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. డాక్టరు వాడి వీపు మీద చెయ్యి వేశాడు. ఆ క్షణంలో ఆయనకు తను గీసిన గీత సరైనదే అనిపించింది.

బళ్ళు కదిలాయి. బాజాలు, చప్పట్లు, పిల్లల కేకలు. మలుపు తిరిగేసరికి ముందెక్కడో ఒక ముసలి కారుకు నీళ్ళు మరిగి పొగలు కక్కింది, వరసంతా ఆగిపోయింది. రస్కు కారు సరిగ్గా వాళ్ళ మనుషుల ఎదురుగా ఆగింది. అందరూ ఉన్నారు. టీ కొట్టాయన, చెప్పులు కుట్టే అన్నదమ్ములు, కూరగాయలమ్మే అవ్వ, వాళ్ళ మధ్యలో డాక్టరు భార్య. రస్కు నవ్వుతూ చెయ్యి ఊపాడు. డాక్టరు భార్య ఒక్కతే ఊపింది. మిగతావాళ్ళు మెడలు చాచి కారు మీదుగా వెనక్కి చూస్తున్నారు.

అవ్వకే ముందు రస్కు కనపడ్డాడు. "ఒరేయ్ రస్కూ! నువ్విక్కడున్నావేంట్రా? ఎవరిదిరా ఈ కారు? ఏదో జమీందారు బండిలా ఉంది!" అంటూ వచ్చి కిటికీలో తల పెట్టింది. "మరి మీ నాన్న బండేదీ? ఎవరు తోలుకొస్తున్నారు?"

"అవ్వా, ఇదే నాన్న బండి," అంది డాక్టరు భార్య వెనకనుంచి.

"ఊరుకోవే! మీ నాన్న బండి నాకు తెలీదా? ఎన్నేళ్ళు దాని వెనక నిలబడి రొట్టె తీసుకున్నాను! చీకట్లో చేత్తో తడిమి చెప్పగలను. నడుం నొప్పితో ఇంతసేపు నిలబడితే నాతో ఆటలా?" టీ కొట్టాయన నవ్వాడు. అందరూ నవ్వారు. మళ్ళీ వెనక్కే చూశారు.

రస్కు బావ వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే డాక్టరుకు కొంచెం తేలికగా ఉండేది. "బావా, ఏం చెప్పను?" అన్నాడు మెల్లగా. డాక్టరు చూపు తిప్పుకుని ముందుకు చూశాడు. ఎదుటి అద్దం మీద తన సంతకమే ఇటువైపు నుంచి తిరగబడి కనిపిస్తోంది.

ముందు బళ్ళు కదిలాయి. రస్కు గేరు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"వస్తోంది అవ్వా," అన్నాడు. "వెనకాలే వస్తోంది."

"అలా చెప్పు మరి!" అని అవ్వ తృప్తిగా పక్కకు జరిగి, ఎండ పడకుండా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కారు ముందుకు సాగింది. డాక్టరు పక్క అద్దంలో చూశాడు. మలుపు దగ్గర అందరూ అలాగే, ఇటు వీపు పెట్టి, రోడ్డు ఆ చివరికి చూస్తూ నిలబడ్డారు. ఆయన భార్య కూడా వాళ్ళతో పాటు అటే చూస్తోంది. కొత్తగా చేరిన బండి అందరికన్నా చివర నడవాలని సంఘం నిబంధన. వాళ్ళ వెనకాల ఇంకే బండీ లేదు.